మాత్రకు మర్యాదలు తెలియవు

కోతగెదె, జోగ్జా
12 ఆగస్టు 2024

క్లాతెన్ మేళానికి మొదటి మద్దెల, ముప్ఫయ్యేళ్ళుగా నాకు పెద్దన్న అయిన పద్మోగారి సముఖానికి, మాటలు చెప్పుకుని బతికిన మార్సుది రెండు చేతులూ నుదుట చేర్చి విన్నవించుకునేది: మీరూ, వదినగారూ, పిల్లలూ, మీ ఇంటి పిల్లీ, చూరుకు వేలాడే పంజరంలోని పావురమూ చల్లగా ఉండాలని, మీ మద్దెల తోలుకు వానాకాలపు చెమ్మ తగలకూడదని, మీ పెరటి మునగ విరగకాయాలని...

చూశారా? ఇదే నా జబ్బు. అసలు సంగతికి రాకుండా ఇంకో రెండు పేజీలు ఇలాగే నడపగలను. పెళ్ళిళ్ళలో మైకు ముందు నిలబడి నలభై ఏళ్ళు ఈ పనే చేశాను. వంకర పెళ్ళికొడుకును పున్నమి చంద్రుడన్నాను, వాన ముంచెత్తిన పందిట్లో దేవతలు పన్నీరు చల్లుతున్నారన్నాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు ఒక్క ముక్క రాయాలంటే కాగితం మీద కాగితం చింపుతున్నాను.

మూడేళ్ళయింది మీ గడప తొక్కి. మీ పెద్దమ్మాయి పెళ్ళిరోజు నాకు నిమిషాలతో సహా గుర్తుంది. వధూవరులు తమలపాకు చుట్టలు విసురుకోవడం అయింది. ఇక పెళ్ళికొడుకు పచ్చి గుడ్డును తొక్కాలి, పెళ్ళికూతురు ఆ కాలు కడగాలి. ఆ మధ్య పలకాల్సిన పలుకులు నావి. నేను మైకు కుర్చీలో పెట్టి వెళ్ళిపోయాను. మీ మేళం ఆగిపోయింది. పెళ్ళికొడుకు గుడ్డు ముందు కొంగలా నిలబడ్డాడని తర్వాత విన్నాను. అరగంట దాటాక తిరిగొచ్చేసరికి నా ముఖం పండుమిరపకాయలా ఉంది. పందిరి వెనక మీరు నా చెయ్యి పట్టుకుని, తాగావా అని అడిగారు. నేను తలవంచుకుని, చిన్నగా నవ్వి, అవునన్నాను.

తాగలేదన్నా. పుట్టి బుద్ధెరిగి ఒక్క చుక్క ముట్టలేదు. మరుగుదొడ్లో ఉన్నాను. ఒకసారి కాదు, ఆ అరగంటలో నాలుగుసార్లు. ఆ మాట మీతో, ఆ పూల మధ్య, జరీ చొక్కా వేసుకుని, నడుముకు బాకు దోపుకుని చెప్పడానికి నోరు రాలేదు. తాగానన్న మాట సులువుగా వచ్చింది. ఆ ఒక్క అవునుతో నా పెళ్ళిళ్ళ పని పోయింది, మీరు పోయారు. మసీదులో నా పక్కన కూర్చునే ఆయన రెండు చాపలు అవతలికి జరిగాడు. నేను మాత్రం ఎవరికీ కాదని చెప్పలేదు. కాదని చెప్పాలంటే అసలుది చెప్పాలి కదా.

అసలుది ఏడాదిన్నర కిందట తెలిసింది. చిన్నపేగులో శనగగింజంత గడ్డ. దాని పిల్లలు కాలేయంలో చేరాయి. ఇవి మెల్లగా పెరిగే రకమట, ఏళ్ళు పడుతుందట. కానీ ఊరికే కూర్చోవు, రక్తంలోకి హార్మోను వదులుతుంటాయి. అది వదిలినప్పుడల్లా ముఖం, మెడ కందిపోతాయి, కడుపు కదిలిపోతుంది. నెలకోసారి తుంటికి పెన్సిలంత లావు సూది వేస్తారు. మొదట్లో నెలంతా పనిచేసేది, రాను రాను రెండు వారాలకే చేతులెత్తేస్తోంది. ఇప్పుడు అదే పని నోటి మాత్రతో చేయించగలమేమోనని పెద్దాసుపత్రిలో పరీక్షిస్తున్నారు. ఇరవై రెండు పేజీల ఒప్పుకోలు కాగితం చదివి సంతకం పెట్టాను. అందులో ఒక్క అలంకారం లేదన్నా. ‘మీకు మేలు జరగకపోవచ్చు’ అని మూడుచోట్ల రాశారు.

ముందు సూది ఆపారు. తర్వాత రెండు వారాలు ఒక పుస్తకంలో రోజూ రెండు అంకెలు వేయమన్నారు: ఎన్నిసార్లు కడుపు కదిలింది, ఎన్నిసార్లు ముఖం కందింది. జబ్బు రోజుకు ఇంత అని ఉంటేనే మాత్ర మొదలుపెడతారు. నేను ఒకటి, రెండు, ఒకటి, రెండు అని ముచ్చటగా వేసుకుని ఇవాళ పట్టుకెళ్ళాను.

ఆ పుస్తకాలు చూసే నర్సు పేరు తియుర్మా. తోబా సరస్సు వైపు పిల్ల. ఆ దిక్కువాళ్ళ సంగతి మీకు తెలుసు, ఉప్పు అందుకోమన్నా కొట్లాటకు వచ్చినట్టుంటుంది. పుస్తకం తిరగేసి, “బాబాయ్, ఈ లెక్కన మీరు నాకన్నా ఆరోగ్యంగా ఉన్నారు. మిమ్మల్ని తీసేయాల్సిందే. మరి పొద్దుట్నుంచి ఈ గదిలోంచి మూడుసార్లు పరిగెత్తింది ఎవరు, మీ తమ్ముడా?” అంది. పెళ్ళికాని ఆడపిల్ల చదివే కాగితం మీద అలాంటి అంకె ఎలా వేస్తానమ్మా అన్నాను. బల్ల మీద చరిచి నవ్వింది. “మాత్రకు మీ జోగ్జా మర్యాదలు తెలియవు బాబాయ్! దానికి అంకె కావాలి. మళ్ళీ రెండు వారాలు మొదట్నుంచి రాయండి. నిజం రాయడం చేతకాకపోతే ఇంటికెళ్ళి ఎవరికైనా ఉత్తరం రాసి నేర్చుకోండి” అంది.

అందుకే ఈ ఉత్తరం. మూర్తినా పక్కనే కూర్చుని, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే అంటోంది. నా పెళ్ళాం మాట తీరు మీకు కొత్తేం కాదుగా.

ఇంకో సంగతి. మీ చిన్నమ్మాయి వెనింగ్ పోయిన వారం మా ఇంటికొచ్చింది. పెళ్ళి నవంబరు ఇరవై నాలుగున కుదిరిందట. “పలుకులు మీరే చెప్పాలి బాబాయ్. నాన్నకు నేను చెప్పుకుంటాను. మీరు నిలబడగలరా?” అని అడిగింది. రెండు గంటలు. నాకిప్పుడు మిగిలిన ప్రశ్నల్లా ఆ రెండు గంటలే. మళ్ళీ మీ పందిట్లో, మీ మద్దెల పక్కన, ఆ రెండు గంటలు నిలబడకుండా పోతానేమోనని భయంగా ఉంది.

నిజం రాయడం నేర్చుకుంటున్న మీ తమ్ముడు,
మార్సుది

తా.క. ఎనిమిది. ముఖం కందేది ఆరు. రోజుకు. ఇది ఎవరికీ చెప్పలేదు. మూర్తినాకు తలుపు చప్పుడును బట్టి తెలుసు.


కోతగెదె
30 సెప్టెంబరు 2024

పద్మో అన్నకు,

ఈసారి పిల్లినీ పావురాన్నీ మునగచెట్టునూ వదిలేసి, ఒక్క నమస్కారంతో మొదలుపెడుతున్నాను. మీ నుంచి జవాబు రాలేదు. రావాలని హక్కుగా అడగను గాని, వీధిలో తపాలా బండి చప్పుడైతే మెడ దానంతట అదే తిరుగుతోంది.

రెండోసారి నిజం అంకెలు వేశాను, పరీక్షలో నిలబడ్డాను. సెప్టెంబరు ఒకటి నుంచి మాత్రలు. తెల్లవారి నమాజు కాగానే ఖాళీ కడుపుతో మంచినీళ్ళతో మింగాలి. తర్వాత గంటసేపు ఏమీ ముట్టకూడదు. జోగ్జావాడికి పొద్దున్నే చక్కెర టీ లేకుండా గంట గడవడమంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? మూర్తినా సరిగ్గా ఆ గంటలోనే సోయాగింజల తెంపె ముక్కలు వేయిస్తుంది. కావాలనే చేస్తున్నావు అంటే, “నా పొయ్యి నీ మాత్ర చెప్పినట్టు వినదు” అంటుంది.

నేను మింగేది మందో కాదో నాకు తెలియదు. కొందరికి మందు, కొందరికి అదే రంగు ఉత్త మాత్ర. ఎవరికి ఏది ఇచ్చారో తియుర్మాకూ తెలియదు, డాక్టరుగారికీ తెలియదు. తెలిస్తే చూసే కళ్ళు మారిపోతాయట. మరీ ఇబ్బందిగా ఉంటే చెప్పండి, ఆపి సూదికి వెళదాం అన్నారు.

నెలకోసారి ఒక రోజంతా వచ్చిన మూత్రం ప్లాస్టిక్ డబ్బాలో పట్టి ఇవ్వాలి. అందులో హార్మోను జాడ కొలుస్తారు. దానికి మూడు రోజుల ముందు నుంచి అరటిపండు, అనాస, టమాటా, వంకాయ బందు. అవి తింటే లెక్క తప్పుతుంది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళుతున్నాను. పక్క సీటు ముసలాయన తొంగిచూసి, ఏ చెట్టుది అని అడిగాడు. కల్లు అనుకున్నాడు! మూడేళ్ళ కిందటైతే తలవంచి ఏదో ఒక చెట్టు పేరు చెప్పేవాణ్ణి. నాదేనండీ అన్నాను. ఆయన సీటు మారాడు. నేను కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాను.

అంకెల సంగతి. మొదటి వారం ఏడు, ఆపైన ఆరు, ఇప్పుడు మూడు. ముఖం కందడం ఆరు నుంచి రెండుకు దిగింది. మూడు చూడగానే తియుర్మా చప్పట్లు కొట్టింది. డాక్టరుగారిని పిలిచి చూపించింది. ఆయన రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. తర్వాతిసారి వెళ్ళేసరికి తియుర్మా, వాళ్ళమ్మ ఊరినుంచి పంపిన కేకు ముక్క నాకోసం దాచి ఉంచింది. అంత మంచి మనుషులు సంతోషపడుతుంటే చూడటం ఎంత హాయిగా ఉంటుందో!

వరండాలో పోనియెం అనే ఆవిడ పరిచయమైంది. సముద్రం ఒడ్డున గునుంగ్ కిదుల్ నుంచి రెండు బస్సులు మారి, నాలుగు గంటలు ప్రయాణం చేసి నెలనెలా సూదికి వస్తుంది. దారిలో ఎక్కడెక్కడ మరుగుదొడ్లున్నాయో ఆవిడకు కంఠతా వచ్చు. మీకెన్ని అని అడిగింది. మూడు అన్నాను. “మూడే!” అని ఆవిడ తనలో తాను రెండుసార్లు అనుకుంది.

మూర్తినా ఈమధ్య వంటింటి క్యాలెండరు మీద పెన్సిలుతో గీతలు గీస్తోంది. ఎందుకంటే, నా పనులు నాకుంటాయి అంది.

మూడుతో రెండు గంటలు నిలబడవచ్చన్నా. మీరు ఊ అంటే వస్తాను. ఉహూ అన్నా నొచ్చుకోను. కాదు, నొచ్చుకుంటాను. నిజం రాయాలి కదా.

మీ
మార్సుది

తా.క. ఆ రోజు చివరికి గుడ్డు పగిలిందా? అడగడానికి మొహం చెల్లక మూడేళ్ళు ఊరుకున్నాను.


కోతగెదె
17 నవంబరు 2024, ఆదివారం

అన్నా,

వెనింగ్ శుభలేఖ తెచ్చి ఇచ్చింది. వెనక మీ చేతిరాతతో మూడు వాక్యాలు: ‘గుడ్డు నేనే చెప్పి తొక్కించాను. వస్తే రా. ఈసారి పోయేముందు నాతో చెప్పి పో.’

ఎన్నిసార్లు చదివానో చెప్పను. మూర్తినా చూస్తుండగా కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. ముఖం కందింది, అది జబ్బు కాదు.

వస్తాను. జరీ చొక్కా ఎండకు వేశాం. తలపాగా వదులైంది, నేను చిక్కాను, మూర్తినా లోపల గుడ్డ కుట్టింది. పలుకులు కొత్తగా రాసుకున్నాను. పెళ్ళికూతురిని ఏ చంద్రుడితోనూ పోల్చలేదు. చిన్నప్పుడు మీ మద్దెల సంచిలో పడుకుని నిద్రపోయిన పిల్ల అని చెబుతాను. మీకు అభ్యంతరమైతే తీసేస్తాను.

ఆరోగ్యం అంతా సవ్యంగానే ఉంది. అంకె మూడు దగ్గరే నిలిచింది. మీరేం బెంగ పెట్టుకోవద్దు. శనివారం సాయంత్రానికి క్లాతెన్ చేరతాను. వదినగారికి నమస్కారాలు.

మీ తమ్ముడు,
మార్సుది

తా.క. సోమవారం సాయంత్రం. అంటించిన కవరు చింపి ఇది రాస్తున్నాను.

మూడు అబద్ధమన్నా. మీకూ అబద్ధమే, పుస్తకంలోనూ అబద్ధమే. సెప్టెంబరు మధ్య నుంచి నిన్నటిదాకా రోజూ అంతే. నిజం అంకె ఐదు. ఏడు నుంచి ఆరు, ఆరు నుంచి ఐదుకు దిగి అక్కడ ఆగింది. అప్పటికే తియుర్మా ముఖం చూడటం అలవాటైంది నాకు. అంకె దిగితే ఆ పిల్ల ముఖం వెలుగుతుంది. ఎవరింటికైనా భోజనానికి వెళ్ళి కూర బాగాలేదని చెబుతామా? అలాగే మూడు వేశాను. ఒకసారి వేశాక మర్నాడు ఐదు వేయడానికి చెయ్యి రాలేదు. మొదట సిగ్గుతో తగ్గించాను, తర్వాత మర్యాదకు తగ్గించాను. కందడం రెండు అన్నది మాత్రం నిజం, దాన్ని అందరూ చూస్తారు కాబట్టి.

ఇవాళ వరండాలో పోనియెం కనబడింది. చెంపలు లోపలికి పోయాయి, గోడ పట్టుకుని నడుస్తోంది. ఏమైందమ్మా అంటే, “ఈ నెల సూది వద్దన్నానండీ. మీ మూడు విన్నాక మాత్రల పరీక్షకే పేరిచ్చాను. సూది ఆపితేగాని చేర్చుకోరట. రోజుకు పదకొండుసార్లు పోతోంది. బస్సు ఎక్కలేక కూరగాయల లారీలో వచ్చాను. పర్లేదు, మూడు వస్తుందిగా” అంది.

పర్లేదు అంటున్నప్పుడు నవ్వింది. నేను మీ పందిరి వెనక నవ్విన నవ్వు అదే.

ఆవిడ పక్కనే కూర్చుని చెప్పాను. మూడు కాదమ్మా, ఐదు. అదైనా మందు వల్లో, ఉత్త మాత్ర వల్లో నాకు తెలియదు అన్నాను. “ఐదైనా నాకు పండగేనండీ. కానీ ఆ మాట ముందే చెప్పుంటే ఈ నెల సూది వేయించుకుని, ఒంట్లో ఓపికుండగా ఆలోచించుకునేదాన్ని” అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

తర్వాత తియుర్మా దగ్గరికెళ్ళి చెప్పాను. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. నిజం అంకెలు ఎలా తెలుస్తాయి, అరవై నాలుగు రోజులు గుర్తున్నాయా అని అడిగింది. లేవన్నాను. పాత పుస్తకం తీద్దామని సంచిలో చెయ్యి పెడితే అడుగున మడిచిన కాగితాలు తగిలాయి. వంటింటి క్యాలెండరు. తేదీ తేదీకీ పెన్సిలు గీతలు, ఐదు, ఐదు, ఆరు, ఐదు. ఆసుపత్రికి వెళ్ళే ప్రతిసారీ మూర్తినా ఆ కాగితాలు సంచిలో పెడుతోందట. నేను ఒక్కసారీ సంచి అడుగుదాకా చూసుకోలేదు.

ఆ పుస్తకంలో చెరిపేయకూడదన్నా. తప్పు అంకె మీద ఒక్క గీత గీయాలి, అది కిందనుంచి కనబడుతూనే ఉండాలి. పక్కన నిజం వేసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. అరవై నాలుగు సంతకాలు పెట్టాను. దిద్దిన రోజుల్ని లెక్కలోకి తీసుకుంటారో లేదో పైవాళ్ళు తేలుస్తారట. చివరి సంతకం అయ్యాక తియుర్మా పుస్తకం మూసి, “ఎనిమిది ఐదయితే నాకు చాలదని మీతో ఎవరన్నారు బాబాయ్?” అని అడిగింది. అప్పుడు ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు. పోనియెంకు వెంటనే సూది వేయించింది. ఓపిక వచ్చాక పరీక్ష సంగతి మళ్ళీ మాట్లాడుకుంటారట.

ఇంటికొచ్చి మూర్తినాను, నీకు తెలిసి కూడా ఎందుకు అనలేదు అని అడిగాను. “నువ్వే చెబుతావని చూశాను” అంది.

ఇక మీ సంగతి. ఐదు అంటే, ఆ రెండు గంటల్లో ఒకసారి వెళ్ళాల్సి వస్తుంది. రెండోసారీ రావచ్చు. పోయేముందు చెప్పి పొమ్మన్నారు, ఆరు రోజుల ముందే చెబుతున్నాను. ఇది మీకు ఇబ్బందైతే వద్దని రాయండి. బంతుల్‌లో ఒకాయన ఉన్నాడు, నాకన్నా గొంతు బాగుంటుంది, రెండు గంటలూ కదలకుండా నిలబడతాడు. మర్యాదకు మాత్రం రమ్మనకండి, మర్యాద సంగతి నేను చూశాను.

రమ్మంటే మాత్రం ఇలా చేద్దాం. నేను తలపాగా సర్దుకుని మీ వంక చూస్తాను. మీరు ఆ మెల్లగా సాగే పెద్ద వరస ఎత్తుకోండి, పావుగంట నడిచేది. పందిట్లో ఎవరైనా నేనెక్కడికి పోయానని అడిగితే ఉన్న మాట చెప్పండి. గుడ్డు పళ్ళెంలో పెట్టేసరికి మైకు ముందు ఉంటాను. నేను వచ్చేదాకా మద్దెల మీద చెయ్యి ఆపకండి.